పొగ రాని అన్నం

ఎన్నికల రోజు పార్టీ ఏజెంటుగా బూత్‌లో కూర్చోవడం తప్ప వెంకటేశు చేసిందేమీ లేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఎదుటి పార్టీ మనిషి ఒకడు జమ్మలమడుగు దారిలో హత్యకు గురయ్యాడు. చంపిందెవరో ఊరందరికీ తెలుసు. అయినా పగ తీర్చుకోవడానికి సులువుగా దొరికేవాళ్ళలో వెంకటేశు పేరూ చేరింది. అతను గొర్రెల మందను తోలుకుని పులివెందుల వైపు గుట్టల్లోకి వెళ్ళిపోయాడు.

అక్కడ మూడు రాళ్ళు పెట్టి వండుకుంటుంటే, పొగ ఆనవాలు పట్టి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. గొర్రెల మధ్య బోర్లా పడుకుని ఎలాగో బతికి బయటపడ్డాడు. అప్పటి నుంచి పొయ్యి మానేసి బొరుగులు నానేసుకుని తింటున్నాడు. చూసేందుకు గుట్టెక్కిన భార్య పెంచలమ్మకు మొగుడి ముఖంలో ఎముకలే కనిపించాయి.

ప్రొద్దుటూరులో శకుంతలమ్మ స్టీలు సామాన్ల అంగడి నడుపుతోంది. పొయ్యి లేకుండా అన్నం ఉడికే పాత్ర ఉందటగదా అని పెంచలమ్మ అడిగితే, రెండు థర్మల్ కుక్కర్లు దించి ముందు పెట్టింది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

“పొయ్యి అసలుకే లేకుండా కాదమ్మా. బియ్యం బాగా ఉడుకు రానిచ్చి, లోపలి గిన్నెను ఇట్ల దీంట్లో పెట్టి మూసేయాల. దానంతట అదే ఉడుకుతాది. సాయంత్రం దాకా వేడి పోదు. ఎంతమందికి?”

“ఒక్క మనిషికే అక్కా. గొర్రెల కాడ ఉండాడు.”

“అయితే చిన్నదే తీసుకో. పెద్దదాంట్లో ఒక్కనికి వండితే సగం కూడా నిండదు. నిండకపోతే వేడి నిలవదు, అన్నం పలుకుగానే ఉంటాది.”

పెంచలమ్మ చిన్నదాన్ని ఎత్తి చూసింది. తేలిగ్గా ఉంది, గుట్టెక్కడానికి అదే మేలు. కానీ దాన్ని చూస్తుంటే, మొగుడు ఇక ఎప్పటికీ ఒక్కడే కూర్చుని తింటాడేమో అనిపించింది.

“పెద్దదే ఇయ్యక్కా,” అంది. “రేపు ఇంటికొస్తాడు గదా. నేను, నా కూతురు, ఆయప్ప, ముగ్గురం తినాల.”

కుక్కర్ గుట్ట చేరింది. తెల్లవారేటప్పుడు మంచు దట్టంగా పడుతుంటే వెంకటేశు పొయ్యి ముట్టించేవాడు. పొగ మంచులో కలిసిపోయేది. బియ్యం ఉడుకు రాగానే మంట ఆర్పి, గిన్నెను కుక్కర్‌లో పెట్టి మూసేవాడు. మధ్యాహ్నం మూత తీస్తే ఆవిర్లు కక్కే అన్నం. గిన్నె నింపక తప్పదు గనుక రోజూ మిగిలేది. బియ్యం మోసుకొచ్చినప్పుడు పెంచలమ్మ ఆ మిగిలిందాని సంగతి అడిగింది.

“పుల్లన్నకు పెడతాండా,” అన్నాడు.

“ఏ పుల్లన్న?”

“ఆ పార్టీ పుల్లన్నే. మనోళ్ళకు భయపడి వాడూ ఈడనే దాక్కోనుండాడు.”

పెంచలమ్మ చుట్టూ చూసింది. “పోయి వాళ్ళకు చెప్తే, మామా?”

“చెప్పేటోడైతే ఈపాటికి చెప్పేవాడే. మొదటి దినం ముద్ద నోట్లో పెట్టుకోని ఏడ్చినాడు. నోరు కాలిందేమో అనుకుంటి. వాళ్ళమ్మ గుర్తొచ్చిందంట.”

 తర్వాతిసారి పెంచలమ్మ బియ్యం ఇంకాస్త ఎక్కువ తెచ్చింది.

చలికాలం పోకముందే ఒక మధ్యాహ్నం పుల్లన్న గొంగడి కప్పుకుని ఆమె గడప ముందు నిలబడ్డాడు. ఆ వీధంతా అతని శత్రువులదే.

“అక్కా, అన్నకు శానా జరం. మాటల్లో తేడా వస్తాంది. బిరీన రా.”

ఆమె వెళ్ళేసరికి వెంకటేశు వణుకుతున్నాడు.

“జమ్మలమడుగు ఆస్పత్రికి పోదాం, మామా.”

“బస్టాండులోనే కూసోనుంటారు,” అన్నాడు. “జరం ఈడనే తగ్గుతాదిలే.”

గంజి కాచి తాగించింది. మరునాటికి అదీ మింగలేకపోయాడు. ఇక అతని మాట వినకుండా పుల్లన్న వీపున వేసుకుని గుట్ట దిగసాగాడు. పెంచలమ్మ వెనక నడుస్తూ జారిపోతున్న కాళ్ళు పట్టుకుంది. తారు రోడ్డు కనబడుతుండగా పుల్లన్న ఆగాడు.

“నా మెడకు ఊపిరి తగల్తా లేదక్కా,” అన్నాడు.

శవం ఊరు చేరిన సాయంత్రమే పార్టీ ఆఫీసు చూసుకునే కొండయ్య వచ్చాడు. పుల్లన్నే గుట్టల్లో చంపాడని స్టేషన్లో చెప్పమన్నాడు. మిగతాదంతా తాము చూసుకుంటామన్నాడు.

“జరమొచ్చి పోయినాడప్పా,” అంది పెంచలమ్మ. “వాడే గదా వీపున మోసింది.”

“జరమంటే మనకేమొస్తాదమ్మా?”

పెంచలమ్మ స్టేషనుకు రానంది. కొండయ్య వెళ్ళిపోయాడు. దినాలకు పార్టీవాళ్ళెవరూ రాలేదు. ఆ ఏడు జరిగిన సభలో పార్టీ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివారు. వెంకటేశు పేరు చదవలేదు.

పెంచలమ్మ మందను తోలుకుని వల్లూరు దగ్గర అక్క పెద్దసుబ్బమ్మ ఊరికి చేరింది. ఒకరోజు కూతురు బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంది.

“నాయనను ఎవురు సంపినారని అడుగుతాండారమ్మా.”

“ఎవురూ సంపలేదు. జరమొచ్చిందని చెప్పు.”

“మరి ఆస్పత్రికి ఎందుకు పోలేదు?”

 పెంచలమ్మ, అన్నం తిందువు లెమ్మని పిల్ల తల నిమిరింది. పిల్ల లేవలేదు, ఇంకా ఆమె ముఖంలోకే చూస్తోంది.