చెమట పట్టిన కప్పు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మా పాపకి వడదెబ్బ తగిలితే, నేను పక్కనే కూర్చుని అది నిద్రపోతోంది అనుకుంటానేమోనని. ఈ వేసవి మొదలైన దగ్గర్నుంచీ పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడమే నా పనైంది.

దివిసీమ ఉప్పెన తరవాత వచ్చిన ఎండాకాలం ఇది. బెజవాడలో, గుణదల కొండకి దిగువన, రామతులసమ్మ గారి పెరట్లో రేకుల గదిలో ఉండేవాళ్ళం, నేనూ ఇంకా నడక రాని పాపా. మా ఆయన మరియదాసు పైపులు బిగించే పనివాడు. శ్రీశైలం ప్రాజెక్టు పనికి వెళ్ళాడు. పొద్దెక్కేసరికి కొండరాయీ కాగేది, నెత్తిమీద రేకూ కాగేది. గోడకి ఆనుకుంటే పెనానికి ఆనుకున్నట్టే. పాపకి మెడ చుట్టూ చెమటకాయలు. మాట్లాడదామంటే మనిషి లేక దాంతోనే మాట్లాడేదాన్ని. అది ఏడుస్తున్నంతసేపూ ధైర్యంగా ఉండేది. ఏడుపు ఆపితేనే గుండె జారేది.

ఒకరోజు ఎండలో గొడుగేసుకుని రామతులసమ్మ గారే పెరట్లోకి వచ్చారు.

"ఏమమ్మాయ్ దానమ్మా, పిల్లని వడియంలా ఎండబెడతావా? మా గదిలోకి తీసుకురా."

"లోపలికా అమ్మగారూ?" అన్నాను. అప్పటిదాకా నేను వాళ్ళ వెనక గుమ్మం మెట్టు ఎక్కి ఎరగను.

"లోపలిక్కాక బజార్లోకా? మడీ గిడీ మా అత్తగారితోనే పోయాయి. రా, కాళ్ళు కాలుతున్నాయి నాకు."

ఆ గది ఆవిడ భర్త బసవపున్నయ్య గారు సొంత ఆలోచనతో చేయించుకున్నది. కాలవల ఓవర్సీరుగా పనిచేసి దిగిపోయాక, ఇనప పైపుల్ని మెలికలు తిప్పించి గది కప్పుకి అడుగున బిగించి, పైన సిమెంటు పూయించారు. లోతు బావిలోంచి మోటారు తోడిన నీళ్ళు ఆ మెలికలన్నీ తిరిగి బయట అరటిచెట్లకి పోతాయి. కప్పు చల్లబడితే కింద మనిషి ఒంట్లో వేడి అదే లాక్కుంటుందనేవారట. "పున్నయ్య గారు ఇంటికి సెలైను ఎక్కిస్తున్నారు" అని వీధంతా నవ్వింది. ఆ పైపులు బిగించింది మా ఆయనే. మాకు రేకుల గది దొరికింది కూడా అలాగే. పాపం, ఆ చల్లన ఒక్క వేసవైనా చూడకుండానే పున్నయ్య గారు పోయారు.

లోపల ఫ్యాను లేదు, గాలి లేదు. అయినా గుమ్మం దాటగానే మాడు మీద ఎవరో చల్లటి అరచెయ్యి ఆన్చినట్టయింది. పాప చాప మీద పడుకోబెట్టగానే నిద్రపోయింది. నేను వేలు ముక్కు దగ్గర పెట్టాను.

"మాటిమాటికీ ఏమిటే ఆ వేలు? బతికే ఉందిలే, పడుకోనీ" అని ఆవిడ నవ్వారు. కప్పు వైపు చూసి, "నేనూ అంతే. మధ్యాహ్నాలు ఇక్కడ పడుకుని చెవులు రిక్కిస్తాను. పైపులో నీళ్ళు కదిలినప్పుడు సన్నగా గరగరమంటుంది. ఆయన గొంతు సవరించుకున్నట్టుంటుంది" అన్నారు.

ఆ రోజునుంచీ మధ్యాహ్నాలు అక్కడే. పాప చెమటకాయలు మాడాయి.

రోహిణి కార్తె వచ్చింది. పాపకి ఇంకా చల్లగా ఉండాలని ఆవిడకి ఆశ పుట్టింది. మా వైపు కలిగినవాళ్ళు ఎండాకాలంలో చేసే పనే ఆవిడా చేశారు. గుమ్మానికీ కిటికీలకీ వట్టివేళ్ళ తడికలు కట్టించి, వాటి మీద నీళ్ళు కొట్టి, గచ్చంతా బకెట్లతో తడిపారు. "చూడవే బంగారూ, రాణీగారి మేడలా లేదూ?" అని పాపతో అన్నారు. గదంతా కమ్మటి వాసన. బయట ఆకు కదలదు, ఒకటే ఉక్క.

భోజనాలయ్యాక పాప బుగ్గ మీద ఓ చుక్క పడింది. నా చేతి మీద ఇంకోటి. పైకి చూస్తే కప్పంతా నీటి బొట్లు వేలాడుతున్నాయి.

"పైపు పగిలిందే! కప్పు కూలుతుంది, పిల్లని తియ్యి!" అంటూ ఆవిడ పరుగెత్తి మోటారు కట్టేశారు.

పాపని వరండాలో దింపి, నేను స్టూలెక్కి గుడ్డతో తుడిచి చూశాను. నాది ఎనిమిదో తరగతితో ఆగిన చదువు, ఇంజనీర్ల సంగతులు నాకు తెలియవు. కానీ పగులుంటే ఒక్కచోట కారాలి కదా. ఇది ఆ మూలనుంచి ఈ మూలదాకా సమంగా తడిసింది.

"పగల్లేదండీ అమ్మగారూ. కుండలో నీళ్ళు చెంబులో పోస్తే పైన చెమట పట్టదూ, అలాంటిదే. తడికలు తీసేసి గచ్చు ఆరనిస్తే పోద్దండీ."

"నీ మొగుడు బిగించాడు కాబట్టి నువ్వు అలాగే అంటావు."

నేను స్టూలు దిగాను. ఆవిడ ముఖం తిప్పుకుని, "కాదే తల్లీ. మా ఆయన కట్టింది ఈ పిల్ల మీద పడితే ఆయన పేరేం కావాలి? ఊరంతా నవ్వుతూనే ఉంది" అన్నారు. గదికి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకున్నారు. తన మంచం వంటింటి పక్క గదిలోకి మార్చుకున్నారు. పైన పెంకు, పడమటి గోడ, గాలి చొరబడని గది అది.

మర్నాడు మా రేకుల కింద పాప పాలు తాగలేదు. పెదవులు ఎండిపోయాయి. ఏడవడం కూడా మానేసింది. ఎత్తుకుని పరుగెత్తాను.

"అమ్మగారూ, ఒక్క గంట తెరవండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నన్నడక్కే. నా చేతులతో తెరవలేను" అని తలుపవతలే ఏడ్చారు ఆవిడ.

పాపని తడిగుడ్డలో చుట్టుకుని కంకిపాడు బస్సెక్కాను. దారి పొడుగునా చెంచాతో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మా అమ్మ వాళ్ళది కాలవ పక్కన తాటాకుల ఇల్లు. గుమ్మంలో అడుగు పెడుతుండగా పాప నా చీర తడిపేసింది. "బతికిందే!" అని మా అమ్మ నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఆ చీర మార్చుకోవాలనిపించలేదు నాకు.

వానలు పడేదాకా మా అమ్మ నన్ను కదలనివ్వనంటోంది. పాప ఇప్పుడు పాకుతోంది. నా భయం మాత్రం పాపని వదిలి బెజవాడ వెళ్ళిపోయింది. ఆ వీధిలో అందరూ "ఆవిడకేం, చల్లటి గదిలో పడుకుంటుంది" అనుకుంటారు. అందుకే ఎవరూ ఆ తలుపు తట్టరు. గదికి తాళం పడిందనీ, ఆవిడ ఆ పెంకు కింద ఉక్కలో ఒక్కరే పడుకుంటున్నారనీ నాకొక్కదానికే తెలుసు.

మీలో ఎవరైనా గుణదల వైపు వెళితే, కొండకి దిగువన పెరడంతా అరటిచెట్లున్న ఇల్లు అది, ఒక్కసారి తలుపు కొట్టండి. వెంటనే పలక్కపోతే వెళ్ళిపోకండి, మళ్ళీ కొట్టండి. ఆవిడ వచ్చాక మంచినీళ్ళు అడగండి. దాహం లేకపోయినా అడగండి. మీకిచ్చేటప్పుడు, "మీరూ తాగండమ్మా" అని ఆవిడ తాగేదాకా అక్కడే నిలబడండి.