ఆమె లేచిన సీను

"లేచింది," అన్నాడాయన ఫోన్‌లో, గొంతు తగ్గించి. "వానలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారే, అక్కడ లేచింది. రేపటి దాంట్లో ఇలాంటిదే ఇంకోటుంది. ఎత్తెయ్."

లేచినామె వంటింట్లో కుక్కర్ కింద మంట తగ్గిస్తోంది. ఫోన్‌లో మాట్లాడుతున్నది ఆమె భర్త, రోజూ సాయంత్రం టీవీలో వచ్చే సీరియల్‌కి రచయిత. అవతల ఉన్నది ఆ సీరియల్ దర్శకుడు. ఎత్తెయ్యమన్న మాట వంటింట్లోకి వినిపించింది. అలవాటైన మాటే.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సీరియల్ మొదలయ్యే వేళకి అత్తగారు వాలుకుర్చీలో, ఆయన సోఫాలో, ఆమె వంటింటి తలుపు పక్క కుర్చీలో కూర్చోవాలి. ఆయన టీవీ చూడడు. ఆమె కాళ్ళు చూస్తాడు. ఆమె లేస్తే సీను విసుగెత్తించిందని లెక్క, కదలకపోతే పట్టిందని లెక్క. "ఛానెల్ రేటింగ్ వారానికోసారి వస్తుంది. మా ఇంట్లో రోజూ వస్తుంది," అని స్నేహితులతో అంటాడు. దాన్ని పొగడ్త అనుకుంటాడు.

మొదట్లో ఆమె నోటితోనే చెప్పేది. ఒక రోజు సీరియల్లో గ్లాసు కింద పడింది. ఇంట్లో ఉన్న అందరి ముఖాలూ మూడేసి సార్లు చూపించారు, వెనక ఉరుములు. "ఇంట్లో గ్లాసు పగిలితే ముఖాలెవరు చూస్తారండీ? ఎవరది అని ఒకళ్ళు అరుస్తారు, ఒకళ్ళు చీపురు తెస్తారు. ఆ చీపురు తెచ్చేదెవరో చూపించండి, కథ అక్కడుంది" అంది. ఆయన పగలబడి నవ్వాడు. "చీపురుకి రేటింగేం వస్తుందే పిచ్చిదానా" అన్నాడు. ఇంకోసారి, నిన్న జరిగింది ఇవాళ మళ్ళీ చూపించి, రేపు జరగబోయేది ఇవాళే చూపిస్తే మధ్యలో ఇవాళ ఎక్కడుంది అని అడిగింది. అప్పుడే ఆయన తేల్చి చెప్పాడు. "నువ్వు మాట్లాడకు. అడిగితే ఆలోచించి చెబుతావు. ఆలోచిస్తే సరుకు పాడైపోతుంది. ఊరికే కూర్చో చాలు." అప్పటినుంచి ఆమె నోటికి పని పోయింది. కాళ్ళకి పని పడింది.

ఆయనకి తెలియనిది ఒకటుంది. ఆమె లేవడానికి కథ కారణమైన రోజులు తక్కువ. ఒకసారి హంతకుడు దొరికిపోయే ఘట్టంలో డాబా మీద ట్యాంకు నిండి నీళ్ళు కారాయి. మోటారు ఆపడానికి లేచింది. మర్నాటి నుంచి సీరియల్లో హంతకుడి ఊసు ఎవరూ ఎత్తలేదు. వాడు ఇప్పటికీ దొరకలేదు. ఇంకోసారి మోకాళ్ళు పట్టేసి, ఆస్పత్రి వరండాలో ఆరుగురు నిలబడి ఏడ్చే ఘట్టమంతా కదలకుండా కూర్చుంది. ఆ వరండాలో వాళ్ళు రెండు వారాలు ఏడ్చారు. ఆమెకి నవ్వొచ్చింది. చెబుదామనుకుంది. మాట్లాడకు అన్న మనిషికి ఏం చెబుతాం అని ఊరుకుంది. ఊరుకోవడం ఎవరికీ చెడు చెయ్యదనుకుంది.

ఆ ఫోను మర్నాడు మధ్యాహ్నం దర్శకుడు ఇంటికొచ్చాడు. ఆమె టీ ఇచ్చింది. అతను కప్పు అందుకుని, "వదినగారూ, మీ కాళ్ళు ఫొటో తీయించి ఆఫీసులో పెట్టుకోవాలి" అన్నాడు. భర్త నవ్వాడు. దర్శకుడు ఇంకా అందుకున్నాడు. "పెద్దకోడలి గొడవ కూడా మీరే వదిలించారు కదా! లేకపోతే బోర్లా పడేవాళ్ళం."

పెద్దకోడలంటే ఆ సీరియల్లో కథానాయిక. ఈమె ట్రే కిందపెట్టలేదు. "నేనేం వదిలించానండీ?"

"ఉద్యోగానికి వెళ్తానని మొగుణ్ణి నిలదీస్తుందే, ఆ సీను. మీరు సగంలోనే లేచి వెళ్ళిపోయారట. అన్నయ్య అప్పుడే ఫోన్ చేశాడు, ఆడవాళ్ళే చూడలేకపోతున్నారు, తీసెయ్యమని. తీసేశాం."

"ఎలా తీశారు?"

"మర్చిపోయారా? మెట్ల మీంచి పడింది కదా. గతం మర్చిపోయింది."

ఆమె వంటింట్లోకొచ్చి ట్రే పెట్టింది. ఆ సాయంత్రం బాగానే గుర్తుంది. టీవీలో పెద్దకోడలు భర్త ఎదురుగా నిలబడి, "పొద్దున్నుంచి ఏం చేశావు అని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా?" అంది. ఆ మాట ఒక గదిలో, పైకి, మనుషులుండగా వినడం ఆమెకి అదే మొదటిసారి. తన గొంతులో ఉన్న మాట ఎవరో లాక్కుని అనేసినట్టయింది. పక్కన అత్తగారున్నారు, ఎదురుగా ఆయన. ముఖంలో ఏం కనబడిపోతుందోనని భయపడి లేచింది. వంటింట్లో కుళాయి తిప్పి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి ప్రకటనలు వస్తున్నాయి. అంతే జరిగింది. ఆ నాలుగు గ్లాసులు కడిగినందుకు అడిగిన మనిషికి మతి పోయింది. అప్పటినుంచి పెద్దకోడలు అందరికీ కాఫీలందిస్తూ, నేనెవరిని అంటూ తిరుగుతోంది. చూసే అత్తగారు కూడా "ఇదెప్పటికి తేలుతుందే అమ్మాయ్" అని విసుక్కుంటోంది. ఆమె కాళ్ళే మాట్లాడతాయని ఆయన స్నేహితులతో అన్నప్పుడల్లా నవ్వుకునేది. నిజంగానే మాట్లాడాయి. తనకి తెలియకుండా, తనకి ఎదురు.

ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. "ఇవాళ గతం గుర్తొస్తుంది," అంటున్నాడు దర్శకుడు. "మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. చూద్దాం అన్నయ్యా. పట్టిందా, ఉద్యోగం వైపు వెళ్దాం. లేదూ, పాపని కనేసి ఇంట్లో కూర్చుంటుంది."

"ఇవాళ సాయంత్రం తేలిపోతుందిలే," అన్నాడాయన.

ఆమె అక్కడే నిలబడింది. వెళ్ళి చెప్పొచ్చు. ఆ రోజు లేచింది విసుగొచ్చి కాదని చెప్పొచ్చు. మరెందుకు లేచావు అంటాడు. అది చెబితే ఇంకోటి చెప్పాలి, అది చెబితే మరోటి. చివరికి "చూశావా, ఆలోచించి చెబుతున్నావు" అంటాడు. వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. డబ్బాలు సర్దింది, సర్దినవి మళ్ళీ మార్చింది. సాయంత్రం అత్తగారి మాత్రలు వేళకి ముందే ఇచ్చింది. ట్యాంకు నింపింది. ఆరేసిన బట్టలు తడితడిగానే లోపలికి తెచ్చింది. కుక్కర్ మాత్రం ఎప్పటిలాగే సీరియల్ మొదలవగానే పెట్టింది. పాలు పక్క పొయ్యి మీద పెట్టింది. ఆ రెండూ ముందే పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు.

సీరియల్ మొదలైంది. ముందు నిన్నటిది చూపించారు. తర్వాత పెద్దకోడలు మెట్లు దిగింది. దిగుతూనే ఉంది. "ఆ మెట్లకి అంతుందా? దిగేలోగా నాకు రోజులు దగ్గర పడతాయి," అంది అత్తగారు. చివరికి దిగింది. భర్త కుర్చీ ముందు నిలబడింది. ముఖాలు చూపించారు.

కుక్కర్ కూత వేసింది.

ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. మడమ నేలకి నొక్కింది. సోఫాలో ఆయన ముందుకి వంగి చూస్తున్నాడు, కాళ్ళనే.

రెండో కూత. "అమ్మాయ్, కుక్కరు," అంది అత్తగారు.

"వినిపించిందత్తయ్యా."

అంది గానీ కదల్లేదు. ఆయన ఒకసారి వంటింటి వైపు, ఒకసారి ఆమె కాళ్ళ వైపు చూశాడు. సీను పట్టిందని సంతోషించాలో, వంట మాడుతోందని కంగారుపడాలో తేల్చుకోలేని మనిషిలా ఉన్నాడు. టీవీలో పెద్దకోడలు నోరు విప్పబోయింది, మళ్ళీ ముఖాలు చూపించారు. ఇంత సాగదీసిన సీను ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది. లోపల కాళ్ళు పరిగెడుతున్నాయి, పొయ్యి దగ్గరికి, కుళాయి దగ్గరికి, డాబా మీదికి. మూడో కూత. వెంటనే పాలు పొంగిన చప్పుడు, మాడిన వాసన.

"ఏమోయ్, పాలు!"

"ఊఁ."

"కాళ్ళు నొప్పా?"

"లేదండీ. చూస్తున్నాను."

టీవీలో పెద్దకోడలు అడగడం మొదలుపెట్టింది. "పొద్దున్నుంచి ఏం చేశావు అని..."

ఆయన లేచాడు. వంటింట్లో ఏ మీట ఎటు తిప్పాలో తెలియక ఏదో తిప్పాడు. ఏదో కింద పడింది. చెయ్యి కాలినట్టుంది, "అబ్బా" అన్నాడు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నెమ్మదిరా, ఏమడుగుతోందో విననీ," అంది. ఆ ప్రశ్న పూర్తిగా వినబడింది. ఈసారి ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

ఆయన మసిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ప్రకటనలు వస్తున్నాయి. చొక్కా మీద పాలు. జేబులో ఫోను మోగుతోంది, దర్శకుడిది. తీసి చెవి దగ్గర పెట్టుకోబోయాడు.

ఆమె కుర్చీలోంచే ఆయన కాళ్ళ వైపు చూసింది.

"చెప్పండి," అంది. "ఏ సీనులో లేచారో చెప్పండి."