చేతివాటం

పదకొండో హెల్మెట్‌ని తుప్పు బాబాయ్ తలకి తగిలించుకున్నాడు. ముందరి అద్దాన్ని పైకి లేపాడు, దించాడు, మళ్ళీ లేపాడు. అలా ఓ ఇరవైసార్లు చేశాక, వేళ్ళు ఆనిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అరచేతిలో ఇమిడే చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి ఆ గుర్తుల మీద రుద్దడం మొదలుపెట్టాడు. నిన్ననే అచ్చులోంచి ఊడివచ్చిన హెల్మెట్ అది, ఇంకా తళతళలాడుతోంది. సాయంత్రం నాలుగింటికి లారీ వచ్చేలోగా దానికి పాతికేళ్ళు రావాలి.

ఆ షెడ్డులో మాటతీరే అంత. "దీనికి పదేళ్ళు వెయ్యి బాబాయ్" అని కొత్త బూట్ల జత పడేసి వెళ్ళేవారు. "ఈ తలుపుకి వందేళ్ళు కావాలి, రేపు పొద్దున్నకల్లా" అనేవారు. పదేళ్ళకి రెండు గంటలు, వందేళ్ళకి ఒక రోజు. ఉప్పుకాగితం, తీగల బ్రష్షు, ఇటుకపొడి, మాడిన నూనె, నల్లరంగు పూసి వెంటనే తుడిచేసే పాతగుడ్డ, ఇంతే అతని సరంజామా. సినిమాలకి సామాన్లు చేసిపెట్టే ఆ కార్ఖానాలో అందరూ కొత్తవి తయారుచేసేవాళ్ళే. వాటిని పాడుచేసి జీతం తీసుకునేవాడు ఇతనొక్కడే. పొట్టిమనిషి, ముందుకి వంగిన భుజాలు, గోళ్ళలో ఎంత తోమినా వదలని నలుపు, కనుబొమల మీద బూడిదరంగు పొడి. "బాబాయ్, ముందు నీమీద నువ్వే చేసి చూసుకున్నట్టున్నావే" అని కుర్ర పనివాళ్ళు ఆటపట్టించేవారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అదే హాస్యం. అతనూ ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా కాదనకుండా నవ్వుతూనే ఉన్నాడు.

ఇవాళ మాత్రం మరకల ఏప్రన్ కింద ఇస్త్రీ చేసిన నీలం చొక్కా ఉంది. పదకొండింటికి వీడియో వాళ్ళు వస్తారు. 'రెండో భాగం గురించి మీకు తెలియని ముప్ఫై సంగతులు' అని తెర వెనక విశేషాలు తీస్తున్నారు. అందులో ఏడో సంగతి హెల్మెట్. నిన్న వీడియో అమ్మాయి షెడ్డుకొచ్చి, "అంకుల్, ఇది మీ నోటితోనే చెప్పిస్తాను" అంది.

ఆ సంగతికి ఆరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మొదటి భాగంలో కథానాయకుడు అంతరిక్షనౌక కెప్టెన్, పాతికేళ్ళుగా నేల తొక్కని మనిషి. అతని హెల్మెట్‌కి ఆ పాతికేళ్ళూ వేసింది తుప్పు బాబాయే. అద్దం లేపే మీటలు రెండు చెంపల మీదా ఉన్నాయి. ఎప్పటిలాగే తలకి తగిలించుకుని, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ అరగదీశాడు. పడింది ఎడమచెయ్యి. తుప్పు బాబాయ్‌ది ఎడమచేతివాటం. కెప్టెన్ వేషం కట్టిన హీరో కుడిచేతి మనిషి. సినిమా నిండా అతను కుడివైపు మీట నొక్కుతూ ఉంటాడు, అరిగిన మచ్చ మాత్రం ఎడమవైపు ఉంటుంది. షూటింగులో అన్ని వందలమందిలో ఒక్కరూ చూడలేదు. ప్రేక్షకులు చూశారు. బొమ్మని ఆపి, పెద్దది చేసి, గీతలు లెక్కపెట్టి, ఒకడు ఈ హెల్మెట్ ఇతనిది కాదన్నాడు. ఇంకొకడు అసలు కెప్టెన్ వేరే ఉన్నాడనీ, అతనిది ఎడమచేతివాటమనీ, ఇతనెవడో అతని స్థానంలో దూరాడనీ తేల్చేశాడు. ఆఖరికి ఎవరో దర్శకుణ్ణే అడిగితే, ఆయన ఒక్క క్షణం ఆగి, "ఎవరు కనిపెడతారా అని ఇన్నాళ్ళూ చూస్తున్నాను" అన్నాడు. ఇంకేముంది! ఆ ఒక్క మాట మీద రెండో భాగం లేచి నిలబడింది. అసలు కెప్టెన్ బతికే ఉన్నాడు, తిరిగొస్తున్నాడు. వందలమందికి మూడేళ్ళ పని దొరికింది, ఒక ముసలాయన పొరపాటు పుణ్యమా అని.

ఆ పొరపాటుని అందరికంటే ముందు పట్టుకున్నది అతని భార్య. మొదటి భాగం చూస్తుండగా హాల్లో మోచేత్తో పొడిచి, "ఏమండోయ్, ఈ చేతివాటం ఎవరిదో నాకు తెలుసు" అంది. దొంగని పట్టుకున్నట్టే అంది. తన మాటకి తనే మురిసిపోయి, వెనకవాళ్ళు ఉష్ అనేదాకా నవ్వింది. అతను పనిచేసిన ఏ సినిమాకెళ్ళినా, అయ్యాక పేర్లు పైకి పాకుతుంటే లేవనిచ్చేది కాదు. డ్రైవర్ల పేర్లు, టీ అందించినవాళ్ళ పేర్లు కూడా వచ్చేవి. ఏళ్ళు వేసేవాడి పేరు ఏ వరుసలో రాయాలో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ రాయలేదు. లైట్లు వెలిగి, హాలు ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా ఆమె కూర్చునేది. పిల్లలు లేరు, చూపించుకోవడానికి ఇంకేమీ లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారైనా కనపడకపోతుందా అని ఆమె ఆశ.

ఇక కనపడే దారి కూడా మూసుకుపోతోంది. ఈ పన్నెండు హెల్మెట్లే ఆఖరు. ఆపైన ఏళ్ళు వెయ్యడం కంప్యూటర్లు చూసుకుంటాయట, షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. అందుకే ఇవాళ్టి పదకొండు గంటల మీద మొగుడూ పెళ్ళాలిద్దరూ ప్రాణం పెట్టుకున్నారు. అది నా చెయ్యి అని నలుగురి ముందూ ఒక్కసారి చెప్పాలి. అంతకంటే అతనికి ఏమీ అక్కర్లేదు.

పొద్దున్న చొక్కా తొడుగుతూ ఆమె మళ్ళీ అప్పజెప్పించుకుంది. "ఏదీ, చెప్పండి చూద్దాం."

"అది నా చేతివాటం అమ్మా, అంటాను."

"ఆ, అక్కడ కాస్త ఆగండి. నవ్వుతారు. వాళ్ళు నవ్వడం అయ్యాక మిగతాది చెప్పండి."

"సరేలేవే. చెయ్యి లాగుతోంది, కాస్త మెల్లిగా తొడుగు."

"డజను హెల్మెట్లు రుద్దితే లాగదూ? ఇవాళ్టితో అయిపోతుందిగా" అంది ఆమె, ఎడమ భుజం మీద చొక్కా సర్దుతూ.

పదకొండున్నరకి వచ్చారు. వీడియో అమ్మాయి, కెమెరా మనిషి, వాళ్ళ వెనక సినిమా ప్రచారం చూసే ఆయన. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే లోపలికొచ్చి, తల ఎత్తకుండానే స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డు మేస్త్రీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి పదకొండోది కూడా పూర్తయి బల్లమీద వరసలో చేరింది. లైట్లు పెట్టారు. తుప్పు బాబాయ్ ఏప్రన్ విప్పి మడతపెట్టి, నీలం చొక్కా దులుపుకున్నాడు.

"అంకుల్, ఈ మచ్చ ఎడమవైపే ఎందుకు పెట్టారు?"

"అది నా చేతివాటం అమ్మా" అన్నాడు. ఆగాడు.

అందరూ నవ్వారు. కెమెరా మనిషి కూడా నవ్వాడు. భార్య లెక్క తప్పలేదని తుప్పు బాబాయ్‌కి ఎంతో సంతోషం వేసింది. మిగతాది చెప్పడానికి నోరు తెరిచేలోగా ప్రచారం ఆయన చెయ్యెత్తాడు.

"ఆపండాపండి. చేతివాటం ఏంటండీ? సామాన్లు ఎత్తుకుపోయారనుకుంటారు జనం."

"అది కాదు సార్. నాది ఎడంచెయ్యి. అలవాటుగా అటుపక్క రుద్దేశాను. పొరపాటు."

ఆయన మొదటిసారి తల ఎత్తాడు. కోప్పడలేదు. పసిపిల్లాడికి చెప్పినట్టు మెత్తగా చెప్పాడు. "పెద్దాయనా, మొదటిరోజే ఆలోచించి పెట్టానని డైరెక్టరుగారు ఎన్నిచోట్ల చెప్పారో మీకు తెలుసా? ఇప్పుడు మీరొచ్చి పొరపాటంటే సినిమా ఏం కావాలి?"

"మరి ఏం చెప్పమంటారు?"

"ఆయన ఎడమవైపు అరగదియ్యమన్నారు, నేను అరగదీశాను. అంతే. చక్కగా ఉంటుంది."

వీడియో అమ్మాయి చేతిలో కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. తుప్పు బాబాయ్ ఆ మాటే చెప్పాడు. మొదటిసారి సరిగ్గా వినపడలేదని రెండోసారి చెప్పించారు. కాదనొచ్చని అతనికి తోచలేదు. ఎవరేం ఇచ్చి ఎలా కావాలంటే అలా చేసిపెట్టడమే తప్ప, ఆ షెడ్డులో అతనికి ఇంకో అలవాటు లేదు.

తర్వాత రుద్దుతున్నట్టు ఒక షాట్ కావాలన్నారు. చెక్కముక్క ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

"కుడిచేత్తో పెద్దాయనా. ఎడమచేత్తో రుద్దితే ఎవడో ఒకడు బొమ్మ ఆపి మళ్ళీ లెక్కలు కడతాడు."

చెయ్యి మార్చుకున్నాడు. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు వేళ్ళ కణుపుల మీద బద్దతో కొట్టి రాతని కుడిచేతికి మార్పించాడు. రాత మారింది గానీ పని మాత్రం ఎడమచేతిని వదల్లేదు. ఇప్పుడు ఈ వయసులో చెక్కముక్క కుడిచేతిలో నిలవనంది. జారింది, వంకరగా గీసింది, ఒకసారి కిందే పడింది. మూడుసార్లు తీశారు.

"కుదరట్లేదండీ. పని రానివాడిలా కనిపిస్తున్నాడు" అన్నాడు కెమెరా మనిషి. అన్నది నిజమే, ఎవరూ తప్పుపట్టలేదు.

ఆఖరికి మేస్త్రీని కూర్చోబెట్టారు. అతనిది కుడిచెయ్యి. గోళ్ళు మరీ శుభ్రంగా ఉన్నాయని తుప్పు బాబాయ్ నల్లరంగే కాస్త పూశారు. మొహం అక్కర్లేదు, చెయ్యి ఒక్కటి చాలన్నారు. "ఆ మాటలు కూడా వద్దులే, బొమ్మ కింద అక్షరాలు వేసేద్దాం" అన్నాడు ప్రచారం ఆయన లేస్తూ. అరగంటలో అంతా అయిపోయింది. లైట్లు సర్దుకుని వెళ్తూ వీడియో అమ్మాయి వెనక్కొచ్చి, "సారీ అంకుల్" అంది.

"నువ్వేం చేస్తావమ్మా" అన్నాడు.

భోజనం డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు. ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"చేతివాటం అన్నారా?"

"అన్నాను."

"నవ్వారా?"

"అందరూ నవ్వారే."

"నే చెప్పలేదూ! అక్కడ ఆగారుగా?"

"ఆగాను."

"మిగతాది?"

అప్పటిదాకా అబద్ధం ఆడే అవసరం రాలేదు. "మిగతాది కూడా చెప్పాను" అన్నాడు. ఆమె అటుపక్క చిన్నపిల్లలా నవ్వుతుంటే సిగ్గేసి ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఎప్పుడు వేస్తారని అడిగితే వచ్చేవారం అన్నాడు. పక్కింటివాళ్ళని, ఎదురింటివాళ్ళని కూడా పిలుస్తానందామె.

పన్నెండోది మిగిలింది. దాన్ని తలకి తగిలించుకున్నాక, లోపల తన ఊపిరే తనకి వినిపిస్తుంటే, తుప్పు బాబాయ్‌కి కోపం వచ్చింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో కార్ఖానా మీద వచ్చిన మొదటి కోపం అది. దీన్ని కుడివైపు అరగదీస్తే? ఒక్క హెల్మెట్ తేడాగా ఉంటే చాలు, ఎవడో ఒకడు బొమ్మ ఆపుతాడు, ఇదేంటంటాడు. దర్శకుడు మళ్ళీ ఒక క్షణం ఆగాల్సొస్తుంది. కుడిచెయ్యి ఎత్తి కుడివైపు మీట మీద పెట్టాడు. లేపాడు, దించాడు. చెయ్యి ఒక్కసారీ ఒక్కచోట పడలేదు. సుద్దముక్క ఎక్కడ ఆనించాలో తెలియలేదు. ఉన్నట్టుండి కోపం చల్లారిపోయింది. దర్శకుడు ఆగితే మాత్రం ఏమవుతుంది, ఇంకో మాట చెప్తాడు, ఇంకో భాగం తీస్తాడు. హెల్మెట్ దించి, మిగతా పదకొండింటికి చేసినట్టే దీనికీ ఎడమవైపు రుద్దసాగాడు.

భుజం దగ్గర మొదలైన లాగుడు మోచెయ్యి దాటి చిటికెనవేలుదాకా దిగింది. నీలం చొక్కా వీపంతా తడిసిపోయింది. నల్లరంగు పూశాడు, పాతగుడ్డతో తుడిచాడు. మచ్చ ఎప్పటిలాగే కుదిరింది. మూడున్నరకి అందరూ టీకి బయల్దేరారు.

"రా బాబాయ్" అన్నాడు మేస్త్రీ, మొహం చూడకుండా.

"మీరు పదండి, వస్తాను."

చెక్కముక్క బల్లమీద పెట్టి, గోడకి చేరగిలబడి, హెల్మెట్‌ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎడమచెయ్యి దానంతటదే ఎడమవైపు మీట మీద ఆగింది.

నాలుగింటికి లారీ మనిషి వచ్చి లెక్కపెట్టుకుంటే పదకొండే తేలాయి. పన్నెండోది ముసలాయన ఒళ్ళో కనిపించింది. మంచి నిద్రలో ఉన్నాడు పాపం అనుకుని, లేపకుండా, ఆ చేతిని మెల్లిగా పక్కకి తప్పించి హెల్మెట్ తీసుకున్నాడు. లారీ గేటు దాటి వెళ్ళిపోయింది. ఇంకో పది నిమిషాలకి, ఇంటికి పొమ్మని చెప్పడానికి మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి వరండాలో ఆమెకి ఒక సంచీ ఇచ్చారు. కళ్ళజోడు, ఫోన్, మూత తియ్యని భోజనం డబ్బా. ఆమె వాటి వంక చూడలేదు. మేస్త్రీ వైపు తిరిగింది.

"వచ్చేవారం వేస్తారటగా నాయనా, ఆయన మాట్లాడింది?"

"ఔను పిన్నీ."

"మొహం బాగా కనిపిస్తుందా? చొక్కా కనిపిస్తుందా?"

మేస్త్రీ గోళ్ళ నలుపు ఇంకా వదల్లేదు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "కనిపిస్తుంది పిన్నీ" అన్నాడు.

చెక్కముక్క మాత్రం ఆ సంచీలోకి రాలేదు. అదొక సామానని ఎవరికీ తోచలేదు. చుట్టిన ఉప్పుకాగితం సగం విడిపోయి, అది షెడ్డులో బల్లమీదే ఉంది. ఎడమచేతి బొటనవేలు ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆని ఆని దాని కుడిపక్కన చిన్న గుంట పడింది, ఆ గుంటలో ఇంకా కాస్త తెల్లటి పొడి ఉంది.