గంటకు కొసరు

కమలమ్మ పుట్టింది అంగడిలో, మెట్టింది అంగడిలో. హలసూరులో ఆమె మామగారి నాటి బియ్యం అంగడి ఉండేది. వీధి మొగదల పెద్ద స్టోరు లేచి బేరం పడిపోయాక, బస్తాలు ఎత్తించి ఆ జాగాలో ఆరు కంప్యూటర్లు పెట్టించింది. ప్లైవుడ్ అడ్డాలు, ఒక్కోదానికి ఒక్కో పరదా, గుమ్మం మీద బ్రౌజింగ్ సెంటర్ అని బోర్డు. అది రెండువేల రెండో సంవత్సరం.

బస్తాలు పోయినా బియ్యం అంగడి బుద్ధి ఆమెను వదల్లేదు. శేరు కొలిచాక గుప్పెడు కొసరు వేయని చేతికి కలిసిరాదని మామగారు అనేవారు. అందుకే గంట కొన్నవాడికి పది నిమిషాలు కొసరు వేసేది. ఆ చుట్టుపక్కల ఏ సెంటరులోనూ లేని మర్యాద అది. గిరాకీ విరగబడింది.

"కాలానికి కూడా కొసరేసే ఆడదాన్ని నిన్నే చూస్తాండా" అని నవ్వేవాడు భర్త ఓబులేసు.

ఆ కొసరు అందరికంటే బాగా రుచించింది మంజునాథ్‌కు. ముప్పై ఏళ్ళవాడు. పనిచేసే ఫ్యాక్టరీ మూతబడి ఉద్యోగం పోయింది. బియ్యం అంగడి నాటి నుంచి ఎరిగిన మనిషే. అప్పట్లో వాడు గుమ్మం తొక్కితే అంగడంతా నవ్వులే. "అక్కా, నీ తక్కెడ కొత్త కోడలు మాదిరి ఉండాది. ఎంతసేపూ పుట్టింటి పక్కకే వంగుతాది" అనేవాడు.

మొదట్లో ఉద్యోగాలు వెతకడానికని పొద్దున ఒక గంట వచ్చేవాడు. కొసరు పది నిమిషాలూ ఊరికే పోనివ్వడమెందుకని చాట్ రూమ్ తెరిచేవాడు. పది నిమిషాల్లో మాట తెగుతుందా? ఇంకో గంట కొనేవాడు. దానికీ కొసరు. మూడు నెలలు తిరిగేసరికి తొమ్మిదికి పరదా వెనక దూరినవాడు దీపాలు పెట్టే వేళకు గాని లేవడం లేదు. మధ్యాహ్నం తిండి లేదు. జోకులు పోయాయి. "బాగుండావా మంజూ?" అంటే "ఊఁ." పక్కవాడు కుర్చీ జరిపితే కసురు. పొద్దస్తమానం అంతమందితో మాటలు కలిపి లేచిన మనిషి మొహం, ఎవరూ పలకరించనివాడి మొహంలా ఎందుకు ఉంటుందో కమలమ్మ లెక్కకు అందలేదు. అయినా కళ్ళు మూసుకుంది. మంచి గిరాకీ ముందు ఎవరి కళ్ళైనా మూతపడతాయి.

ఒక మధ్యాహ్నం వాడి భార్య సుశీల వచ్చింది. "మా తమ్ముడు హెబ్బగోడి నుంచి వచ్చినాడక్కా. వాళ్ళ వర్క్‌షాపులో ఈయనకు పని ఉండాదంట. ఇంట్లో కూర్చోనుండాడు" అంటూ పరదా తొలగించి భర్త భుజం మీద చెయ్యి వేసింది.

మంజునాథ్ తల తిప్పలేదు. "అక్కా, నాకింకా కొసరు ఉండాది. ఇప్పుడే లేపొద్దు" అన్నాడు.

సుశీల చెయ్యి తీసేసింది. ఏడవలేదు. కమలమ్మ వైపు చూసి చిన్నగా నవ్వింది. "నా చెయ్యి ఎవరిదో తెలీలేదక్కా ఆయనకు" అని వెళ్ళిపోయింది. ఎదురుచూసి ఎదురుచూసి, సాయంత్రం బస్సుకు ఆ తమ్ముడూ వెళ్ళిపోయాడు.

కమలమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు. బియ్యం కొసరేస్తే కొన్నవాడింట్లో ఒక పిడికెడు ఎక్కువ ఉడికేది. ఈ కొసరుకు వాళ్ళింట్లో ఏం ఉడికింది? గుప్పెడు గుప్పెడుగా తన చేత్తోనే ఒక మనిషిని వాళ్ళింటి నుంచి కొలుచుకుని తెచ్చుకుంది.

మర్నాడు అటక మీదున్న పాత బల్ల దింపించి గుమ్మం బయట వేయించింది. మంజునాథ్ మొదటి గంట కాగానే పరదా లాగింది.

"గంటయింది. లే."

"కొసరక్కా!"

"బయట పెట్టినా. బల్ల ఉండాది, కాఫీ ఉండాది, నేనుండా. పది నిమిషాలు కూర్చో. ఆమీదనే ఇంకో గంట."

"నేను దుడ్డిచ్చేది కంప్యూటర్‌కి, నీ మొగం చూసేదానికి కాదు."

"గంట నీది. దాన్ని నేను ముట్టలేదు. కొసరు నాది. యాడ పొయ్యాలో నేను చెప్తా."

"నువ్వేమన్నా మా అమ్మా?"

"కాదు. అమ్మయితే ఏడ్చి ఊరుకునేది. నేను అంగడిదాన్ని."

వాడు కుర్చీని ఒక్క తన్ను తన్ని లేచాడు. "వెనక వీధిలో ఇంకో సెంటర్ ఉండాది. నీ బల్ల మీద నువ్వే కూర్చో!" వాడి వెనకే ఇంకో ఇద్దరు లేచిపోయారు.

"ఇంటికొచ్చే లక్ష్మిని కాలితో తంతాండావు. నలుగురూ నవ్వుతారు" అన్నాడు ఓబులేసు.

"నవ్వనీ. ఈ అంగడిలో నవ్వు విని మూడు నెలలాయ."

ఆ రోజు బల్ల మీద తనే కూర్చుని రెండు కాఫీలూ తనే తాగింది. మర్నాడూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం మంజునాథ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమప్పా?"

"ఆ పొద్దు సగంలోనే పోయినా. అనాల్సినవి ఇంకా ఉండాయి."

"బల్లుంది. కూర్చోని తిట్టు."

కూర్చున్నాడు. బల్లను తిట్టాడు, ఆమె మొండితనాన్ని తిట్టాడు, పాత తక్కెడను తిట్టాడు, మధ్యలో ఓబులేసు మీసాన్నీ వదల్లేదు. కమలమ్మ ఒక్కోదానికి బదులిచ్చింది. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. గడియారం వైపు ఇద్దరూ చూడలేదు. చివరికి వాడి గొంతు దిగింది.

"సుశీల మాట్లాడడం లేదక్కా. ఏమాయనో చెప్పదు."

"ఆ పొద్దు నీ భుజం మీద చెయ్యేసింది నేను కాదు" అంది కమలమ్మ. జరిగిందంతా చెప్పింది, హెబ్బగోడి పనితో సహా.

 వాడు తన భుజం వైపు ఒకసారి చూసుకున్నాడు. కాఫీ చల్లారింది.

"మంజూ మిషను ఖాళీగా ఉండాది. కూర్చుంటాడా, లేదా?" లోపల్నుంచి కేకేశాడు ఓబులేసు.

వాడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "ఆ పని ఇంకా ఎవరికీ ఇచ్చుండరు కదక్కా?"

"నన్నడిగితే? ఇంటికి పోయి అడుగు."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కాఫీలో చక్కెర తక్కువ. నీ చెయ్యి ఇంకా పుట్టింటి పక్కకే వంగుతాండాది."

కమలమ్మ నవ్వు లోపలి దాకా వినబడింది. ఆ నవ్వుతోనే లేచి, లోపలికి వెళ్ళి రెండో పరదా లాగింది.

"గంటయిందప్పా. లే. బయటికి రా."