వీరేశం ఆర్ట్స్, హఫీజ్‌పేట్

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన మూడో అంతస్తులో కూర్చుని, జపాన్‌వాళ్లకు తీసిపోని అంతరిక్ష యానిమే బొమ్మల సిరీస్ తీస్తానన్నాడు ఓంకార్. పన్నెండు భాగాలు, ఏడు గ్రహాలు, మూడు తరాల యుద్ధం. ఆశకేం, ఆకాశమంత! మొదటి భాగం చూసి ఆఫీసంతా నోరు వెళ్లబెట్టింది. అయిదో భాగానికి సగంమంది చేతులెత్తేశారు. కథానాయిక ముక్కు షాటుకొక రకంగా మారింది. తొమ్మిదో భాగంలో ఓడలు ఎగరడం మానేసి, నూనె ఒలికిన గట్టు మీద పళ్లేల్లా జారాయి.

ఇలాంటి తప్పులు ఏరి సరిచేయడం రసజ్ఞ ఉద్యోగం. కాకినాడ పిల్ల, తప్పు కనబడితే అన్నం సహించదు. ఆఖరి భాగం సాయంత్రం అయిదింటికల్లా పంపేయాలి. మూడింటికి చివరి షాట్ తెరిచింది.

నాలుగు నిమిషాల షాట్. ఆరిపోతున్న నక్షత్రం కడుపులోంచి ఒక చిన్న ఓడ వెళుతుంది, అంతే. ఆ ఆకాశం కంప్యూటర్ చేసింది కాదు, వీరేశం చేత్తో వేసింది. ముప్పై ఏళ్లు షాపుల బోర్డులు, ప్రహరీ గోడలు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక ఓంకార్ రోజుకూలికి పిలిచాడు. మేడ మీద ప్లైవుడ్ పరిచి నలభై అడుగుల ఆకాశం వేశాడు. పాత టూత్‌బ్రష్‌ను తెల్లరంగులో ముంచి, బొటనవేలితో విదిలించి చుక్కలు చల్లాడు. దాన్ని ముక్కలుగా ఫొటోలు తీసి, వాటి మీద ఓడను నడిపారు.

చూస్తూ చూస్తూ రసజ్ఞ స్క్రీన్ మీద దిద్దే పెన్ను కింద పెట్టేసింది. ఎర్రటి మంట పొరలు పొరలుగా విచ్చుకుంటోంది. దాని వెనక చీకటి, ఆ చీకటి వెనక మళ్లీ చుక్కలు. అమ్మో, ఇది మనిషి వేసిందేనా! ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమెకు తప్పులు వెతకబుద్ధి కాలేదు. మళ్లీ చూసింది. మూడోసారి చూస్తుంటే కుడివైపు కింది మూలలో, చుక్కల మధ్య, ఆవగింజలంత అక్షరాలు కనబడ్డాయి. పెద్దవి చేసింది. ‘వీరేశం ఆర్ట్స్, హఫీజ్‌పేట్’ అని, దాని కింద సెల్ నంబరు.

పిలిపించి చూపిస్తే వీరేశం నాలుక కరుచుకున్నాడు.

“గోడ అయిపోతే మూలకు పేరు రాస్తం గద మేడం, చేతికి అలవాటు. తప్పయింది, జర తుడిపేయండి.”

తుడపడానికి రెండు నిమిషాలు చాలు. పెన్ను మళ్లీ అందుకుంది కూడా. అప్పుడు గుర్తొచ్చింది ఆఖర్న పడే పేర్ల జాబితా. అందులో టీ పంపినవాళ్ల పేరుంది, ఓంకార్ బావమరిది పేరుంది. రోజుకూలి మనిషని వీరేశం పేరు మాత్రం లేదు. పోయిన వారం అడిగితే, జాబితా ఎప్పుడో వెళ్లిపోయింది, ఇక మారదన్నాడు ఓంకార్. ఇప్పుడు ఇదీ చెరిపేస్తే ఈ ఆకాశం ఎవరిదో లోకానికి తెలియనే తెలియదు. ఉంచితే, ఎవరైనా పట్టుకున్న రోజు తన ఉద్యోగానికే ఎసరు.

“ఉండనివ్వండి వీరేశం గారూ,” అంది. “నాకేం తప్పు కనబడలేదు.”

తన తనిఖీ కాగితం మీద ‘లోపాలు లేవు’ అని రాసి సంతకం పెట్టింది.

సిరీస్ విడుదలైంది. జనం ఊరుకుంటారా? పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్నారు. కథానాయిక ముక్కు మీద జోకులే జోకులు. ఆఖరి భాగం దాకా ఓపిక పట్టినవాళ్లు తక్కువ. ఓంకార్ నాలుగు రోజులు మొహం చూపించలేదు.

అయిదో రోజు వీరేశం మిగిలిన రంగు డబ్బాలు తీసుకుపోవడానికి వచ్చి, రసజ్ఞకు చెప్పి వెళదామని ఆగాడు. అప్పుడే ఫోన్ మోగింది. చేతులకు రంగుండటంతో చిటికెనవేలితో స్పీకర్ నొక్కాడు. ఎవరో ఆవిడ, ఒంగోలు నుంచి చేస్తున్నానంది. చివరి షాట్ ఆపి ఆపి చూశానని, మూలన నంబరు దొరికిందని చెప్పింది.

“ఆ ఆకాశం వేసింది మీరేనాండీ?”

వీరేశం రంగు చేతులను లుంగీకి తుడుచుకుని, ముప్పై ఏళ్లుగా చెప్పే జవాబే చెప్పాడు.

“ఔనమ్మా, నేనే. గోడ ఎంత పెద్దగుంటది?”