చార్జర్ ఉన్న సిలువ

గుడ్ ఫ్రైడే నాడు అమెరికాలోని శాంతా ఫే నుంచి చిమయో గుడిదాకా జనం కాలినడకన వెళుతున్నారు. కొందరి భుజాన కొయ్య సిలువలున్నాయి. బాలశౌరి భుజాన ఆఫీసు లాప్‌టాప్ ఉంది. ఈ వారం ఆన్‌కాల్ డ్యూటీ అతనిది. సర్వర్ పడిపోతే లేపాల్సింది తనే.

"నా సిలువ ఇదేలే," అన్నాడు వగరుస్తూ.

"ప్రభువు సిలువకి చార్జర్ లేదండీ," అంది భార్య లూర్దుమేరి.

దారంతా ఏ సర్వరూ పడిపోలేదు. పడిపోయేలా ఉన్నది బాలశౌరే. అయినా మలుపు మలుపుకీ ఆగి, సిగ్నల్ ఉందో లేదో చూసుకున్నాడు.

గుడి పక్క గదిలో గోడ నిండా పాత చంకకర్రలు వేలాడుతున్నాయి.

"ఇవెవరివి?" అనడిగాడు.

"నయమైనవాళ్ళు ఇక్కడే వదిలేసి వెళ్ళారట." లూర్దుమేరి అతని బ్యాగు మీద మెల్లగా తట్టింది. "మీకెప్పుడు నయమవుతుందో!"