చెప్పించిన నాలుక

నరకం బొమ్మల పుస్తకానికి తుది ప్రూఫులు దిద్దుతున్నంతసేపూ ప్రూఫురీడరు పళ్ళు నూరుతూనే ఉన్నాడు. తూకంలో మోసం చేసినవాణ్ణి తక్కెడకే వేలాడదీశారు. చాడీలు విన్నవాడి చెవిలో సీసం పోశారు. శిక్షను చూడగానే నేరం తెలియాలి. ప్రతీక అంటే అదే. ఆ నేర్పును ఆయన కాదనలేదు. ఆయనకు ఒళ్ళు మండింది మరొకందుకు: నూట పన్నెండు బొమ్మల్లో చెప్పులున్న పాదం ఒక్కటీ లేదు, శిక్షలన్నీ పేదవాళ్ళకే.

పుస్తకాన్ని అచ్చు వేయిస్తున్నది నూలుమిల్లు యజమాని. నీతి కోసం కార్మికులకు ఉచితంగా పంచుతాడట.

ఆ మిల్లులోనే ప్రూఫురీడరు చెల్లెలు గుమాస్తా. సరుకుల లిఫ్టు తాడు తెగి ఒక కార్మికుడి చేయి నుజ్జయింది. తాడు కిందటి నెలే మార్చామని యజమాని ఆమె చేత రాయించాడు, విచారణలో చెప్పించాడు. రేపు రెండో విచారణ. వారం నుంచి ఆమె నాలుక మీద పుండు.

"ముద్ద దిగట్లేదా?" అన్నాడాయన.

"నలభయ్యో పేజీ చూశాను అన్నయ్యా. అబద్ధం చెప్పిన నాలుకను కొక్కేనికి తగిలించారు. నాకు ఇక్కడే మొదలైంది."

"అది నోటిపూత. నిద్రలేక వచ్చింది."

"నీకేం, నరకమే లేదంటావు. నాలుక నాది కదా."

ఆయన నరకం లేదని నిరూపించగలడు. ఆమె భయం లేదని నిరూపించలేడు. తాడు మార్చనివాడికి ఏ పేజీలోనూ కొక్కెం లేదే. ముప్పయ్యేళ్ళుగా రచయిత మాటను తాకని మనిషి ఎర్ర కలం తీశాడు. నలభయ్యో పేజీ బొమ్మ కింది 'అబద్ధం చెప్పిన నాలుక' అన్న మాటల్లో, 'చెప్పిన'లోని 'న'కు ముందు చొప్పింపు గుర్తు పెట్టి, ఒక సున్నా, ఒక 'చి' రాశాడు. చెప్పించిన.

ఆమె కాగితం లాక్కుని చూసింది. "అచ్చుతప్పా?"

"మూలంలోనే పడిపోయిన అక్షరాలు. ఎత్తిపెట్టాను."

ఆమె ఆ మాటను రెండుసార్లు పైకి చదివింది. తర్వాత మజ్జిగ అడిగింది.

మర్నాడు విచారణ గదిలో ఆయన వెనక బల్ల మీద కూర్చున్నాడు.

"తాడు మార్చలేదు," అంది చెల్లెలు. "మార్చామని చెప్పింది నేనే. చెప్పించింది ఈయన."

యజమాని మెల్లగా నవ్వాడు. "నాలుక జాగ్రత్తమ్మా. పైన ఒకడు చూస్తుంటాడు."

"చూడనివ్వండి. తాడును కూడా చూస్తాడు."

రాతగాడు వాంగ్మూలం ముగించి కాగితాన్ని సంతకానికి జరిపాడు. ఆమె కలం పట్టుకుని, పెట్టకుండా ఆగింది. రెండుచోట్లా అతను 'చెప్పింది' అనే రాశాడు.

"రెండోదాంట్లో అక్షరాలు పోయాయండీ," అంది, వేలు పెట్టి చూపిస్తూ. "సున్నా, చి. అవి పడితేగానీ సంతకం పెట్టను."